తగిలింది... ఒప్పుకున్నా!

'ఫోన్ పక్కన పెట్టి అన్నం తిను' కసురుతాడు నాన్న. 'మరి నీ చేతిలో ఉన్నదేంటి నాన్నా?' ఠక్కున అడుగుతాడు కొడుకు. వడ్డిస్తున్న అమ్మ ముసిముసిగా నవ్వుతుంది. ఇలాంటి సమయంలో ఇంగ్లిష్ సినిమాల్లోని తండ్రి అయితే ఒక్కటే మాట అంటాడు... 'టూషే!' అని. 'సరిగ్గా తగిలిందిరా, ఒప్పుకున్నా' అని దానర్థం.

ఈ మాట ఫెన్సింగ్ నుంచి వచ్చింది. ఫ్రెంచిలో 'టూషే' అంటే తాకబడిన అని. గమ్మత్తేంటంటే, ఆ మాట అనాల్సింది కొట్టినవాడు కాదు, దెబ్బ తిన్నవాడు!

కత్తి మొన రెప్పపాటులో వచ్చి తాకి వెళ్లిపోతుంది. ఒకప్పుడు నలుగురు జడ్జీలు, వారికి ఒక ప్రెసిడెంట్... ఇంతమంది చూస్తున్నా కళ్లు మోసపోయేవి. తగిలిందో లేదో కచ్చితంగా తెలిసేది దెబ్బ పడిన ఒంటికే. అందుకే తనంతట తానే 'టూషే' అని ఒప్పుకోవడం క్రీడాకారుడి మర్యాద.

తర్వాత ఆ బాధ్యతను కరెంటు తీసుకుంది. ఫెన్సింగ్‌లో వాడేవి మూడు రకాల కత్తులు. ఒలింపిక్స్‌లో ఎపేకి 1936లో, ఫాయిల్‌కి 1956లో, సేబర్‌కి 1992లో విద్యుత్ పరికరాలు వచ్చాయి. ఫాయిల్ మొన మీద 500 గ్రాములు, ఎపే మొన మీద 750 గ్రాములకు మించి ఒత్తిడి పడితేనే దీపం వెలుగుతుంది. సేబర్‌లో అయితే కత్తి అంచు ప్రత్యర్థి లోహపు జాకెట్‌ని తాకినా చాలు. మన దేశం నుంచి ఒలింపిక్స్‌కి వెళ్లిన తొలి ఫెన్సర్, చెన్నై అమ్మాయి భవానీదేవి ఆడేది ఈ సేబర్‌తోనే. 2021లో జరిగిన టోక్యో పోటీల్లో తొలి పోరును ఆమె 15-3తో గెలిచినప్పుడు తగిలిన ప్రతి దెబ్బనీ పట్టిచ్చింది దీపాలే.

అలా బరిలో 'టూషే' అవసరం తగ్గింది. మాట మాత్రం మిగిలింది. గత శతాబ్దం తొలినాళ్లలోనే అది ఇంగ్లిష్ కబుర్లలోకి చేరిపోయింది. ఎదుటివారి జవాబు సూటిగా తగిలిందని నవ్వుతూ ఒప్పుకోవడానికి ఇప్పటికీ వాడుతూనే ఉన్నారు.

ఆలోచిస్తే, దాని అవసరం ఇళ్లలోనే ఎక్కువేమో! వాదనలో మాట ఎవరికి తగిలిందో చెప్పే దీపం ఏ ఇంట్లోనూ ఉండదు. తగిలినవారికే తెలుస్తుంది. 'పెద్దవాళ్లకే ఎదురు చెబుతావా' అని గద్దించడం ఎంతసేపు? అలా కాకుండా 'నిజమేరా' అని నాన్న కూడా ఫోన్ పక్కన పెట్టేశాడనుకోండి... పాయింటు అబ్బాయిది. గౌరవం నాన్నది!