బొమ్మ తుపాకీ గుండు వేగమెంత?

జాతరలో కొన్న బొమ్మ తుపాకీ గుండు మా ఎనిమిదో తరగతి పిల్లాడికి కంటి కింద తగిలింది. కాస్త పైకి తగిలి ఉంటే ఏమయ్యేదో! తుపాకీ కొనిచ్చిన నాన్నను పిలిపిస్తే, ‘ప్లాస్టిక్ పూసే కదా సార్, ఏమవుతుంది?’ అన్నారు. ఆయన పీణ్యలోనే లేత్ మిషన్ మీద పనిచేస్తారు. వాదించకుండా, ‘దాని వేగం కొలుద్దాం, మీరూ సాయం చేయండి’ అన్నాను.

వేగం అంటే దూరాన్ని కాలంతో భాగించడమేనని పిల్లలకు తెలుసు. చిక్కల్లా కాలంతోనే. స్టాప్‌వాచ్ నొక్కడానికి మన వేలికి సెకనులో అయిదో వంతు పడుతుంది. ఆలోపు గుండు గది దాటిపోతుంది. అందుకే వెలుతురుతో కొలిచాం.

సన్నటి పీవీసీ గొట్టానికి 20 సెంటీమీటర్ల ఎడంలో రెండు చోట్ల అడ్డంగా రంధ్రాలు పెట్టాం. ప్రతి చోటా ఒకవైపు ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, ఎదురుగా ఫొటోట్రాన్సిస్టర్. మొదటి కాంతికి గుండు అడ్డుపడగానే ఆర్డునో బోర్డు లెక్క మొదలుపెడుతుంది, రెండోదానికి అడ్డుపడగానే ఆపుతుంది. ఈ సామానంతా ఎస్‌పీ రోడ్డులో దొరికింది. రంధ్రాలు మాత్రం ఆ నాన్నగారే వెర్నియర్‌తో కొలిచి వేసిచ్చారు. ఎడం ఒక్క సెంటీమీటరు తప్పితే వేగం 5 శాతం తప్పుతుందని ఆయనకు చెప్పింది ఆ పిల్లాడే.

మొదటి రోజు అంకెలు అడ్డదిడ్డంగా వచ్చాయి. కిటికీలోంచి వచ్చే ఎండ సెన్సర్లను తికమక పెడుతోందని ఒకమ్మాయి కనిపెట్టింది. గొట్టానికి నల్ల కాగితం చుట్టాక అంకెలు కుదురుకున్నాయి. తుపాకీని బల్లకు బిగించి, అందరికీ రక్షణ కళ్లద్దాలు పెట్టి, పాత గుడ్డలు కుక్కిన పెట్టెలోకి నేనే కాల్చాను.

పది సార్లు కాలిస్తే సగటున 5 మిల్లీసెకన్లు వచ్చింది. అంటే సెకనుకు 40 మీటర్లు, గంటకు 144 కిలోమీటర్లు! క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్ బంతి వేగమది. గుండు బరువు 0.12 గ్రాములే కావచ్చు, కానీ ఆ దెబ్బంతా 6 మిల్లీమీటర్ల చోట పడుతుంది. పైగా వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది.

గుండు వేగం కొలవడం కొత్త ముచ్చటేమీ కాదు. వేలాడే చెక్కదిమ్మకు గుండు కొట్టి, అది ఊగిన తీరును బట్టి వేగం కట్టే పద్ధతిని ఇంగ్లండుకు చెందిన బెంజమిన్ రాబిన్స్ 1742లోనే పుస్తకంగా ప్రకటించారు. ఆయన 1751లో కన్నుమూసింది మన పక్కనే, కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో.

తల్లిదండ్రుల సమావేశంలో ఆ పిల్లాడే బోర్డు మీద లెక్క చేసి చూపించాడు. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పాడు కాబట్టి వెనక వరుసలోని అమ్మలకూ అర్థమైంది. వాళ్ల నాన్న లేచి, ‘ఆ తుపాకీ ఇక ఇంటికి వద్దు సార్, బడిలోనే ఉంచండి’ అన్నారు.

ఇప్పుడది ల్యాబ్ బీరువాలో ఉంది. పక్కనే పది జతల కళ్లద్దాలు.