జ్వరం తగ్గింది, బలం వచ్చిందా?

వానాకాలపు జ్వరాల అనంతరం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలోని పెద్దవయసు పరుగుపందెగాళ్లు వైద్యుణ్ణి అడిగే ప్రశ్న ఒక్కటే: "అయ్యా, మళ్లీ పోటీకి ఎప్పుడు దిగవచ్చు?"

వయసు గురించి దిగులు వద్దు. 2022లో ఫిన్లాండ్‌లోని టాంపెరేలో జరిగిన ప్రపంచ మాస్టర్స్ పోటీలలో 94 ఏళ్ల భగవానీ దేవి 100 మీటర్లను 24.74 సెకన్లలో పరుగెత్తి స్వర్ణపతకం పొందారు. ప్రమాదమంతా తొందరపాటులో ఉన్నది.

జ్వరం విడిచినవాడు బలం చేకూరేవరకు వ్యాయామమే కాదు, తిరుగుడు కూడా మానవలెనని చరకసంహిత విధించింది. ఆకలిని అనుసరించి మొదట పలుచని గంజి, తరువాత చిక్కని జావ, ఆపై పెసరకట్టుతో మెత్తని అన్నం తీసుకొనవలెను. మంచి ఆకలి, గాఢనిద్ర, మెట్లెక్కినా ఆయాసం లేకపోవడం, ఈ మూడూ కుదిరిన పిదపనే మైదానానికి వెళ్లవలెను. అప్పుడును అర్ధశక్తితోనే పరుగెత్తవలెను. నుదుట, చంకలలో చెమట పట్టి, నోటితో ఊపిరి తీయవలసివస్తే ఆనాటికి అది చాలును.

గుండెదడ, ఛాతీనొప్పి, కళ్లు తిరగడం కనిపిస్తే ఇంటివైద్యం పనికిరాదు. కొన్ని జ్వరాలు గుండెకండరానికి వాపు తెచ్చును. వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకొనవలెను. ఈ ఏటి పోటీ తప్పినా విచారింపవలదు; బలముంటే మరుసటి ఏడు పరుగెత్తవచ్చును.