సున్నపు చక్రం: రసాయన చర్యలలో ఉష్ణం, శక్తి భావనలు

ఉపోద్ఘాతం

వాడుక తెలుగులో ‘వేడి’ అనే ఒకే మాట రెండు వేర్వేరు భావనలకు చెల్లుతున్నది. జ్వరపడినవారి ఒంటి వేడి ఉష్ణోగ్రత. పొయ్యి నుంచి గిన్నెకు చేరే వేడి ఉష్ణం. ఈ రెండింటి కలగలుపు తరగతి గదిలో ‘పదార్థంలో ఉష్ణం నిల్వ ఉంటుంది’ అనే అపోహకు దారితీస్తున్నది. ఈ భావన కొత్తదేమీ కాదు. 1789లో లవోయిజే ప్రకటించిన మూలకాల పట్టికలో ఉష్ణం ‘కెలోరిక్’ పేరుతో ఒక మూలకంగా చోటుచేసుకుంది. సున్నానికి సంబంధించిన మూడు చర్యల ఆధారంగా ఈ అపోహను పరిశీలించడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

మౌలిక భావనలు

ఉష్ణోగ్రత కణాల సగటు గతిజశక్తికి సూచిక. ఉష్ణోగ్రతా భేదం కారణంగా ఒక వ్యవస్థ నుంచి మరొక వ్యవస్థకు బదిలీ అయ్యే శక్తి ఉష్ణం. వ్యవస్థకు ఉండేది అంతర్గత శక్తి. ఉష్ణం, పని అనేవి ఆ శక్తి బదిలీ అయ్యే విధానాలు. స్థిర పీడనం వద్ద, వ్యాకోచ పని మాత్రమే జరిగినప్పుడు, బదిలీ అయిన ఉష్ణం ఎంథాల్పీ మార్పుకు సమానం.

మూడు చర్యలు

పల్నాడు ప్రాంతంలోని పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు ప్రసిద్ధి. బట్టీలో సున్నపురాయి వియోగం చెంది పొడిసున్నం, కార్బన్ డయాక్సైడ్ ఏర్పడతాయి. ఇది ఉష్ణగ్రాహక చర్య. 25 డిగ్రీల సెల్సియస్ ప్రామాణిక విలువల ప్రకారం మోల్‌కు 178 కిలోజౌళ్ళు అవసరం. అయితే ఉష్ణం అందితే చాలదు, ఉష్ణోగ్రత సుమారు 900 డిగ్రీలకు చేరాలి. వాయువు వెలువడడం వల్ల పెరిగే ఎంట్రోపీ ప్రభావం, అధిక ఉష్ణోగ్రత వద్దనే ఎంథాల్పీ పెరుగుదలను అధిగమించగలదు. ఇక్కడ 178 శక్తి పరిమాణం, 900 ఉష్ణోగ్రత. రెండూ ఒకటి కావు.

పొడిసున్నంపై నీరు పోస్తే కుతకుతలాడుతుంది. ఈ ఉష్ణమోచక చర్యలో మోల్‌కు, అంటే 56 గ్రాముల పొడిసున్నానికి, 65 కిలోజౌళ్ళు విడుదలవుతాయి. ఆ ఉష్ణమంతా నీటికే చేరితే దాదాపు 200 గ్రాముల నీటిని 25 డిగ్రీల నుంచి మరిగే స్థాయికి తేగలదు.

‘బట్టీ వేడి సున్నంలో దాగి ఉండి నీరు తగలగానే బయటపడింది’ అనడం సాధారణం. అదే నిజమైతే మిగిలిన 113 కిలోజౌళ్ళు ఏమైనట్లు? తడిసున్నం గోడపై గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను గ్రహించి తిరిగి కాల్షియం కార్బొనేట్‌గా మారేటప్పుడు సరిగ్గా అంత శక్తి విడుదలవుతుంది. చర్య మెల్లగా సాగడం వల్ల ఆ ఉష్ణం చేతికి తెలియదు.

విశ్లేషణ

బట్టీలో చేరిన 178, నీటితో వెలువడిన 65, గోడపై వెలువడిన 113 కలిపితే నికర మార్పు శూన్యం. వ్యవస్థ తొలి స్థితికే చేరింది కనుక ఇది అనివార్యం. 1840లో హెస్ ప్రతిపాదించిన నియమానికి ఇది చక్కని నిదర్శనం: ఎంథాల్పీ స్థితి ప్రమేయం, దాని మార్పు మార్గంపై ఆధారపడదు. విడుదలైన శక్తి సున్నంలో మాత్రమే ఉన్నది కాదు. సున్నం, నీరు, కార్బన్ డయాక్సైడ్ కలిసిన వ్యవస్థలోని అమరికల భేదం నుంచి వచ్చినది.

ముగింపు

‘ఉష్ణం దాగి ఉంది’ అనే బదులు ‘వ్యవస్థ ఎంథాల్పీ తగ్గింది, ఆ మేరకు పరిసరాలకు ఉష్ణం బదిలీ అయింది’ అని బోధించడం సముచితం. ఈ పదనిష్ఠ అలవడిన విద్యార్థికి ఉష్ణగతిక శాస్త్ర మొదటి నియమం కంఠస్థం చేయవలసిన సూత్రంగా గాక, శక్తి జమాఖర్చుల లెక్కగా బోధపడుతుంది.