అబ్బా... నాయనా!

కాలికి ముల్లు గుచ్చుకుంటే మన నోట మొదట వచ్చే మాట ‘అబ్బా!’. బ్రౌన్ దొర నిఘంటువు తెరిస్తే ‘అబ్బ’ అంటే తండ్రి అనే అర్థం కనిపిస్తుంది. అంటే నొప్పి కలిగినప్పుడు మనకు తెలియకుండానే తండ్రిని పిలుస్తున్నామన్నమాట.

మా గోరంట్లలో తండ్రిని ‘నాయన’ అంటాం. కన్నడ సీమ పక్కనే కాబట్టి కొన్ని ఇళ్లలో ‘అప్పా’ అని వినిపిస్తుంది. ముస్లిం సోదరుల ఇళ్లలో ‘అబ్బా’. యేసుప్రభువు మాట్లాడిన అరామిక్ భాషలోనూ తండ్రి ‘అబ్బా’యే. అరామిక్ మాటకు అరబ్బీ ‘అబ్’, హెబ్రీ ‘ఆబ్’ తోబుట్టువులు. మన తెలుగు ‘అబ్బ’కు మాత్రం వాటితో చుట్టరికం అంటగట్టడం తొందరపాటే. పసిబిడ్డ పెదవులు కలిపి విడిస్తే పుట్టే శబ్దాలు కొన్నే. వాటినే అన్ని దేశాలవాళ్లూ అమ్మానాన్నలకు పంచి ఇచ్చారు. జార్జియా దేశంలో ‘మామా’ అంటే తండ్రి!

కొత్త నిబంధనలో ఈ ‘అబ్బా’ మూడు చోట్లే ఉంది (మార్కు 14:36, రోమా 8:15, గలతీ 4:6). గ్రీకులో రాస్తున్నవారు ఆ ఇంటి మాటను అలాగే ఉంచి, పక్కన ‘తండ్రీ’ అని చేర్చారు. మన తెలుగు బైబిలు రోమా పత్రికలో ‘అబ్బా’ను అలాగే ఉంచింది. మార్కులో, గలతీ పత్రికలో మాత్రం ‘నాయనా’ అంది. అనువదించినవారికి మా సీమ తరఫున వందనాలు!

సెమినరీలో మేము నేర్చుకున్నది, ఏళ్ల తరబడి ప్రసంగించింది ఏమిటంటే, ‘అబ్బా’ పసిపిల్లల ముద్దుమాట అని. జర్మన్ పండితుడు యోవాకిమ్ యెరెమియాస్ పేరు మీదుగా అది ప్రచారమైంది. 1988లో జేమ్స్ బార్ అనే పండితుడు దాన్ని సరిదిద్దాడు. ఎదిగిన కొడుకులు కూడా తండ్రిని అలాగే పిలిచేవారని చూపించాడు. మన ‘నాయన’ కూడా అంతే కదా! అరవై ఏళ్లవాడూ అంటాడు.

ఒక ఆదివారం ఇదంతా ఉత్సాహంగా బోధించి దిగాం. సండే స్కూలు పిల్లవాడొకడు దగ్గరికి వచ్చి, “అయ్యగారూ, దేవుడు మా నాయన మాదిరే ఉంటాడా?” అని అడిగాడు. వాడి తండ్రి వానల్లేని ఏడాది వేరుశనగ పోయాక బెంగళూరుకు కూలికి వెళ్లాడు. కొన్నాళ్లు డబ్బు పంపాడు. తర్వాత ఫోను కూడా లేదు. మేము “కాదు నాయనా” అన్నాం. ఆ మాట మా నోట వచ్చాక గానీ మాకు తెలియలేదు, వాణ్ణి మేమూ అదే మాటతో పిలిచామని. సంఘం మమ్మల్ని ‘అయ్యగారు’ అంటుంది. అయ్య అన్నా తండ్రే. మత్తయి 23:9 చదివినప్పుడల్లా ఆ పిలుపు మాకు కాస్త బరువుగానే ఉంటుంది.

ఆ రాత్రి రోమా పత్రిక మళ్లీ తీశాం. అక్కడ ‘అబ్బా’ అని మొరపెట్టేది ఆ ఇంట పుట్టినవాడు కాదు, దత్తపుత్రుడు. రోమీయులు ఎదిగినవారిని కూడా దత్తత తీసుకునేవారు. అలా వచ్చినవాడికి ఆ పిలుపు మొదటి రోజే నోరు తిరుగుతుందా? గెత్సేమనేలో కన్నకుమారుడే ‘నాయనా’ అని పిలిచినా గిన్నె తొలగిపోలేదు. ఈ పిలుపు మీద ఇన్నేళ్లు ప్రసంగించి, ఆ రెండు సంగతులు మేము ఒక్కసారీ చెప్పలేదు.

తర్వాతి ఆదివారం చెప్పాం. ఆ పిల్లవాడు విన్నాడు. వాళ్లమ్మ గృహకూడికల్లో “నాయనా” అంటూ కన్నీళ్లతో ప్రార్థిస్తుంది. వాడు మాత్రం ఇప్పటికీ “ప్రభువా” అనే మొదలుపెడతాడు. మేము దిద్దడం లేదు.