బ్రౌజర్ త్వరగా ఓపెన్ అయితే ఫాస్ట్ అన్నట్టేనా?

క్రోమ్ ఫాస్టా, ఫైర్‌ఫాక్స్ ఫాస్టా, బ్రేవ్ ఫాస్టా? నాచారంలో మా గల్లీ కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. వాళ్ల టెస్ట్ కూడా సింపుల్. రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టడం, ఐకాన్లు ఒకేసారి నొక్కడం, ముందు తెరుచుకున్నదాన్ని గెలిపించేయడం. కానీ ఈ పందెంలో ఎక్కువగా తేలేది, ఆ టైమ్‌కి ఏ బ్రౌజర్ ర్యామ్‌లో కూర్చుని ఉందనేదే.

ఆండ్రాయిడ్‌లో యాప్ మూడు రకాలుగా ఓపెన్ అవుతుంది. ప్రాసెస్ అసలు నడవకుండా మొదటి నుంచి మొదలైతే కోల్డ్ స్టార్ట్. ప్రాసెస్ బతికే ఉండి స్క్రీన్ మాత్రం మళ్లీ తయారు చేసుకోవాల్సి వస్తే వార్మ్ స్టార్ట్. అన్నీ మెమరీలోనే ఉండి ముందుకు వస్తే హాట్ స్టార్ట్. డెవలపర్లకు గూగుల్ పెట్టిన హద్దులు కూడా వేర్వేరు. కోల్డ్ స్టార్ట్ 5 సెకన్లు, వార్మ్ 2 సెకన్లు, హాట్ 1.5 సెకన్లు పట్టిందంటే ఆ యాప్ స్లో కిందే లెక్క. అలాంటప్పుడు పొద్దున్నుంచి వాడుతున్న క్రోమ్‌నీ, ఇప్పుడే ఇన్‌స్టాల్ చేసిన ఇంకో బ్రౌజర్‌నీ పోల్చడమేంటి? ఉప్పల్ స్టేషన్‌లో ఆగి ఉన్న మెట్రోకీ, వెనకాల నాగోల్‌లో ఇంకా బయల్దేరని మెట్రోకీ, తార్నాకకి ఏది ముందు చేరుతుందని పందెం కాసినట్టే!

కంప్యూటర్‌లోనూ ఇదే కథ. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌లో 'స్టార్టప్ బూస్ట్' అని ఒక సెట్టింగ్ ఉంది. అది ఆన్‌లో ఉంటే విండోస్‌లో లాగిన్ అవ్వగానే ఎడ్జ్ ప్రాసెస్‌లు కొన్ని వెనకాల మొదలైపోతాయి. మీరు నొక్కేసరికి సగం పని అయిపోయి ఉంటుంది. మోసం అనను, మంచి ఫీచరే. కాకపోతే పోల్చేటప్పుడు ఆఫ్ చేయండి.

సరే, మరి సరిగ్గా కొలవాలంటే? రీసెంట్స్‌లోంచి పైకి తోసేస్తే చాలదు, సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి 'ఫోర్స్ స్టాప్' కొట్టాలి. హోమ్ పేజీ ఖాళీగా పెట్టి, ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో ఉంచాలి. ఇది ముఖ్యం. మ్యాచ్ రోజు ఉప్పల్ స్టేడియం చుట్టుపక్కల నిలబడి టెస్ట్ చేస్తే, వేల మంది ఒకే టవర్ మీద పడిన కష్టం కాస్తా బ్రౌజర్ ఖాతాలో పడుతుంది. ఒక్కో బ్రౌజర్‌ని ఐదుసార్లు ఓపెన్ చేసి, మధ్యలో వచ్చిన అంకె తీసుకోండి. ఏడీబీ వాడటం వచ్చినవాళ్లకి స్టాప్‌వాచ్ కూడా అక్కర్లేదు, లాగ్‌క్యాట్‌లో 'డిస్‌ప్లేడ్' అనే లైన్ మిల్లీసెకన్లతో సహా చెప్పేస్తుంది. కానీ అది మొదటి ఫ్రేమ్ కనిపించేదాకా పట్టిన టైమే. వెబ్‌పేజీ వచ్చేసిందని కాదు.

ఇక ఓపెన్ అయ్యాక స్పీడ్ సంగతి. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, శామ్‌సంగ్ ఇంటర్నెట్... ఆండ్రాయిడ్‌లో ఇవన్నీ క్రోమియం మీద కట్టినవే. పేజీని గీసేది బ్లింక్, జావాస్క్రిప్ట్ నడిపేది వీ8. ఇంజిన్ ఒకటే కాబట్టి పెద్ద తేడా ఆశించొద్దు. బ్రేవ్ కొన్ని సైట్లలో చురుగ్గా అనిపిస్తుందంటే యాడ్స్, ట్రాకర్లు డౌన్‌లోడ్ చేయకుండా ఆపేస్తుంది కాబట్టి. ఫైర్‌ఫాక్స్‌ది వేరే ఇంజిన్, గెకో. మన దగ్గర ఐఫోన్‌లో అయితే పేరు ఏదైనా లోపల యాపిల్ వాళ్ల వెబ్‌కిట్టే, అక్కడ క్రోమ్ వర్సెస్ సఫారీ అని కొట్టుకోవడం దండగ.

అంకెలే కావాలనుకుంటే స్పీడోమీటర్ 3 నడపండి. 2024 మార్చిలో యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా కలిసి విడుదల చేశాయి. లిస్టులు, చార్టులు, ఎడిటర్లు లాంటివి నడిపి, మనం నొక్కినదానికి బ్రౌజర్ ఎంత త్వరగా స్పందిస్తుందో చూస్తుంది. స్కోర్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది. స్టార్టప్ టైమ్ మాత్రం అందులో లేదు.

అసలు నష్టం జరిగేది ఈ రెండు టెస్టులకీ దొరకని చోట. మా బిల్డింగ్‌లో కింద పోర్షన్ తమ్ముడిది 4 జీబీ ర్యామ్ ఫోన్. ఉద్యోగానికి ఆన్‌లైన్ ఫామ్ నింపుతూ, ఓటీపీ కోసం మెసేజెస్‌లోకి వెళ్లి వచ్చేసరికి పేజీ రీలోడ్! నింపిందంతా ఖాళీ. చివరి తేదీ దగ్గర పడుతోంది. మూడు బ్రౌజర్లు మార్చాడు, ఇక ఫోనే మార్చేద్దామనుకున్నాడు. జరిగిందేంటంటే, ర్యామ్ చాలనప్పుడు ఆండ్రాయిడ్ వెనకాల ఉన్న ప్రాసెస్‌లని చంపేస్తుంది. బ్రౌజర్‌లో ఒక్కో ట్యాబ్ పెద్ద మేతే కాబట్టి అది తొందరగా బలవుతుంది. ఇంకో బ్రౌజర్ వేసుకుంటే ర్యామ్ పెరగదు కదా!

అందుకే నేను చెప్పింది ఇది. ఫామ్ మొదలెట్టే ముందు గేమ్స్, వీడియో యాప్స్ మూసెయ్. వేరే ట్యాబ్‌లు కూడా. ఓటీపీ వచ్చినప్పుడు బ్రౌజర్ వదిలి వెళ్లకు, పైనుంచి నోటిఫికేషన్ కిందికి లాగి అక్కడే చూసి కొట్టెయ్. ఫొటో, సంతకం ఫైళ్లు ముందే సైజు తగ్గించి పెట్టుకో, ఎందుకంటే అప్‌లోడ్ మధ్యలో కెమెరా ఓపెన్ చేస్తే మళ్లీ అదే గొడవ. సైట్‌లో 'సేవ్ డ్రాఫ్ట్' ఉంటే ప్రతి పేజీకీ నొక్కు.