చంటిపిల్లతో చాయ్ హోటల్‌కు

సాంచాలు బందున్న రోజు పద్మానగర్‌లో ఓ చాయ్ హోటల్‌కు ఏడాదిన్నర మనుమరాలిని ఎత్తుకొని పోయిన. పిల్ల దొడ్డికి పోతే పక్క బల్లమీదనే పండబెట్టి లంగోటి మార్చిన.

"పెద్దమ్మా, దానిమీద జనం తింటరు" అన్నడు గల్లాకాడి పిలగాడు.

కోపమొచ్చింది. చంటిదానికి కూడా అసహ్యమా అనుకున్న! కానీ తప్పు నాదే. చంటిపిల్లల దొడ్డిలోనూ విరేచనాలు పట్టించే క్రిములు ఉండొచ్చు. బల్లకంటినవి ఇంకో పిల్ల చేతికి, నోటికి చేరుతయి. మన ఇరుకు ఖోలీల్లో ఒకరికి పట్టుకుంటే పక్కింటికి పోవుడెంత సేపు?

ఇప్పుడు సంచిలో గుడ్డ, సబ్బుముక్క, ముడేసే కవరు ఉంటయి. మార్చినంక ఇద్దరి చేతులూ సబ్బుతో 20 సెకన్లు రుద్దుడే. విరేచనాలైతే దుకాణాలకే తీసుకపోను. లీటరు కాచి చల్లార్చిన నీళ్లల్ల తలగొట్టిన 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాపుత. తగ్గకుంటే దవాఖానకే.

మొన్న మళ్లీ అదే హోటల్‌కు పోయినం. ఆ పిలగాడే పిల్లకు బిస్కెట్ ఇచ్చిండు.