చేలో ఏనుగు, గుండెలో దడ

మనసును నిబ్బరంగా ఉంచుకోవడం ఎట్లా అనే విషయంమీద పట్నాల్లో ఉపన్యాసాలకు కొదవలేదు. పరీక్షకు కూర్చోబోయే కుర్రవాడికీ, పై అధికారి చేత చీవాట్లు తిన్న గుమాస్తాకూ అవి పనికివస్తే సంతోషమే. గుడుపల్లె ప్రాంతంలో మాత్రం ఈ పరీక్ష అర్ధరాత్రి, టమోటా తోటలో, దీపంలేని చోట జరుగుతుంది. తప్పినవాడికి మళ్లీ కూర్చునే అవకాశం ఉండదు.

బెంగుళూరునుంచి జోలార్‌పేటకు వెళ్లే రైలుమార్గంలో, కుప్పానికి ఇవతల వచ్చే స్టేషను గుడుపల్లె. ఒకవైపు కన్నడసీమ, మరొకవైపు తమిళదేశం. రాగి, వేరుశనగ, టమోటా, మామిడి ఇక్కడి పంటలు. ఆంధ్రదేశంలో అడవి ఏనుగు అన్నది సుమారు రెండువందల ఏళ్లపాటు లేదు. 1980వ దశకం తొలినాళ్లలో పొరుగు రాష్ట్రాల అడవులనుంచి కొన్ని గుంపులు కుప్పం, పలమనేరు కొండల్లోకి వచ్చి, వెనక్కు పోకుండా ఇక్కడే నిలిచిపోయాయి. వాటికోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఆ అడవి పొడుగాటి సన్నని పట్టీ. దానికి ఆనుకునే చేలు. ఎదిగిన ఏనుగుకు రోజుకు నూటయాభై కిలోల మేత కావాలి. కొండంతా తిరిగి ఏరుకు తినడంకంటే, కంకి వేసిన రాగిచేను ఒకచోటే దొరికితే దానికి మాత్రం చేదా?

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటున్నది. మైసూరు అడవుల అంచున ఉండేవారికి ఏనుగుతో మసలుకోవడం తాతలనాటి విద్య. కుప్పంసీమ రైతుకు అట్లా కాదు. పాముకు, తేలుకు ఏం చెయ్యాలో చెప్పిన అవ్వ ఏనుగు సంగతి చెప్పలేదు, ఆమె చూస్తేగదా! కాబట్టి ఇక్కడి నిబ్బరమంతా గడిచిన నాలుగు దశాబ్దాలలో, ప్రాణాలు పోగొట్టుకుని మరీ నేర్చుకుంటున్నది.

“ఏనుగులొచ్చినాయి!” అని ఒక కేక లేచిందంటే ఊరిలో ఏం జరుగుతుందో ఊహించండి. యాభైమంది పోగవుతారు. ఒకడు టపాకాయలు వెలిగిస్తాడు, ఇంకొకడు డబ్బా వాయిస్తాడు, మోటారుసైకిళ్లు రొద పెడతాయి. కుర్రవాళ్లు సెల్‌ఫోను పట్టుకుని బొమ్మ తీయడానికి ముందుకు ఉరుకుతారు. (వీరిని చూస్తే నాకు ఏనుగుకంటే ఎక్కువ భయం వేస్తుంది.) తూర్పుదిక్కువారు పడమటికి తోలుతారు, పడమటివారు తూర్పుకు తోలుతారు. నడుమ చిక్కిన ఏనుగుకు పోవడానికి దారి కనిపించదు. అప్పుడది మనుషులమీదికి వస్తుంది. మరునాడు అందరూ “ఏనుగు దాడి చేసింది” అంటారు.

ఏనుగు వైపునుంచి కూడా ఒకసారి ఆలోచించాలి. దూరపు చూపు దానికి అంతంతమాత్రం. వాసన, వినికిడి మాత్రం అసాధారణం. 1984లో అమెరికాలోని పోర్ట్‌లండ్ జంతుప్రదర్శనశాలలో కేటీ పేన్ అనే శాస్త్రజ్ఞురాలు ఏనుగుల దగ్గర నిలబడి ఉండగా, చెవికి ఏమీ వినబడకపోయినా గాలిలో ఒక అదురు తెలిసింది. మన చెవికి అందనంత మంద్రస్థాయిలో అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని ఆ తరువాత పరిశోధనలో రుజువయింది. అంతటి సూక్ష్మమైన చెవి పక్కన టపాకాయ పేలితే ఎట్లా ఉంటుంది? గుంపులో పిల్ల ఉన్నదంటే తల్లి ఊరుకుంటుందా?

మనిషి సంగతీ అంతే. 1915లో వాల్టర్ కానన్ అనే అమెరికా వైద్యశాస్త్రజ్ఞుడు భయం, కోపం కలిగినప్పుడు ఒంటిలో జరిగే మార్పులను గురించి ఒక గ్రంథం రాశాడు. మూత్రపిండాలమీద ఉండే చిన్న గ్రంథులు అడ్రినలిన్ అనే రసాన్ని నెత్తురులోకి వదులుతాయి. గుండె దడదడలాడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, పోట్లాడడానికో పారిపోవడానికో ఒళ్లు సిద్ధమవుతుంది. ఆ రెండూ ఏనుగు ఎదుట పనికిరానివే. పోట్లాడలేము, గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో వచ్చేదానికి ముందు పరుగెత్తనూ లేము. ఆ గ్రంథులు ఏనుగుకూ ఉన్నవి. చీకట్లో ఎదురుబొదురుగా నిలిచినవి రెండు భయాలన్నమాట.

అటువంటప్పుడు “భయపడవద్దు” అనే సలహా వట్టిది. గుండెకు ఆజ్ఞ ఇవ్వడం ఎవరి తరమూ కాదు. ఊపిరికి మాత్రం కొంతవరకు ఇవ్వగలం. పీల్చినదానికంటే వదిలేటప్పుడు ఎక్కువసేపు తీసుకుంటే గుండెవేగం తగ్గుతుంది. నాలుగైదు ఊపిరులు ఇట్లా తీస్తే చాలు, కళ్లు మళ్లీ చూడడం మొదలుపెడతాయి. గాలి ఎటునుంచి వీస్తున్నది? ఒంటి ఏనుగా, గుంపా? మగదైతే కణతలమీద మదం కారుతున్నదా? అది అడవిలోకి పోయే దారిలో మనమే నిలుచున్నామా? ఈ ప్రశ్నలు వేసుకోగలిగినవాడు మెల్లగా పక్కకు తప్పుకుంటాడు. టార్చి దాని కళ్లలోకి కొట్టడు. కుక్కను వెంట తీసుకుపోడు. కుక్క మొరిగి ఏనుగును రేపి, తిరిగి యజమాని కాళ్లదగ్గరికే వస్తుంది మరి.

ఇక్కడికి ఉత్తరాన ఉన్న మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి దేశదేశాలలో భయాన్ని గురించి జీవితమంతా మాట్లాడారు. భయంనుంచి పారిపోక, దానిని తేరిపార చూడమన్నది ఆయన మాటల సారాంశం. ఆయన చెప్పింది మనసులోని భయాన్ని గురించి. కందకం ఒడ్డున కాపలా కాసే రైతుకు ఆ పేరు తెలియకపోవచ్చు. పని మాత్రం అదే చేస్తున్నాడు.

అయితే రైతుకు నిబ్బరం బోధించేవారు ఒక్క మాట ఆలోచించాలి. అప్పు తెచ్చి నాటిన తోట కళ్లెదుట నలిగిపోతూ ఉంటే ఊపిరి లెక్కపెట్టుకొమ్మనడం సులభమా? ఆ ఉక్రోషంలోనే కొందరు కంచెకు కరెంటు తీగ తగిలిస్తారు. దానివల్ల ఏనుగులూ చచ్చాయి, మనుషులూ చచ్చారు. నష్టపరిహారం సకాలంలో చేతికందుతుందన్న నమ్మకం ఉన్న ఇంట్లో తొందరపాటు తగ్గుతుంది. నిబ్బరానికి ఊపిరి ఎంత అవసరమో ఈ నమ్మకమూ అంతే అవసరమని నా అభిప్రాయం.

2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం మన రాష్ట్రానికి కుంకీ ఏనుగులను అప్పగించింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం ఏర్పాటైంది. కుంకీ అంటే అడవి ఏనుగులను మళ్లించడానికి శిక్షణ పొందిన ఏనుగు. చీకటి, కేకలు, ఎదుట బుసకొట్టే మదగజం, వీటిలో దేనికీ అది బెదరకూడదు. మావటి కాలి బొటనవేలి ఒత్తిడిని చెవి వెనుక గమనిస్తూ అడుగు వెయ్యాలి. ఆ ఓర్పు దానికి ఒక్కరోజులో రాదు. మావటి రోజూ తోమి, కడిగి, చేతిముద్ద తినిపించి, ఏళ్లతరబడి సాధించాలి.

కుంకీ అన్ని ఊళ్లకూ ఒకేసారి రాలేదు. అది వచ్చేలోగా గుడుపల్లె రైతు చేసేది ఒక్కటే: పెద్దవాడొకడు మాట్లాడతాడు, మిగిలినవారు నోరు మూసుకుని, అడవివైపు దారి వదిలి నిలబడతారు. తెల్లవారాక ఇంటిల్లిపాదీ చేలోకి వెళ్లి, విరిగిన ఊతకర్రలు ఏరి, బతికిన మొక్కలను లేపి కడతారు.